సొంతిల్లు లేకుండానే బై-టు-లెట్: డిపాజిట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూకేలో ఉద్యోగం చేస్తూ, తామింకా అద్దెకే ఉంటూ, మొదటి ఇల్లు అద్దెకివ్వడానికి కొనాలనుకునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. రీడింగ్‌లోనో స్లౌలోనో కొనే స్తోమత లేదు, లీడ్స్‌లోనో స్టోక్‌లోనో రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు అందుబాటులో ఉంది. అక్కడ మొదలవుతుంది బై-టు-లెట్ ఆలోచన, అంటే అద్దెకివ్వడానికే ఇల్లు కొనడం. ఆ తర్వాత వచ్చే డౌట్లు మాత్రం అందరికీ ఒకటే, అందుకే వాటిని ఒకచోట పెట్టాం. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప ఇవన్నీ ఇంగ్లండ్ రూల్స్. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## డబ్బు లెక్క

బై-టు-లెట్‌కి డిపాజిట్, అంటే ఇంటి ధరలో మనం పెట్టే చేతి డబ్బు, ఎంత కావాలి? 5 శాతం, 10 శాతంతో ఇస్తారటగా?

5, 10 శాతం అనేవి మీరు ఉండటానికి కొనే ఇంటికి. అద్దెకివ్వడానికైతే మామూలుగా 25 శాతం అడుగుతారు. 20 శాతంతో ఇచ్చేవాళ్ళూ ఉన్నారు గానీ వడ్డీ ఎక్కువ, పైగా మొదటిసారి కొనేవాళ్ళకి ఆ తలుపు తెరుచుకోవడం తక్కువ. 2 లక్షల పౌండ్ల ఇంటికి 50 వేలు డిపాజిట్ అనుకుని మొదలుపెట్టండి. స్టాంప్ డ్యూటీ, సొలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే లాయరు) ఫీజు, సర్వే, బ్యాంకు తీసుకునే ప్రొడక్ట్ ఫీజు, బ్రోకర్ ఫీజు దాని మీద అదనం.

25 శాతం ఉంది. అయినా బ్యాంకు లోన్ తగ్గించింది. ఎందుకు?

లోన్ ఎంతనేది మీ డిపాజిట్ ఒక్కటే తేల్చదు, ఆ ఇంటికొచ్చే అద్దె కూడా తేలుస్తుంది. ఈ లెక్క చాలామందికి ఆఖర్లో తెలుస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బ్యాంకు ఒక ఊహా వడ్డీ రేటు పెట్టుకుంటుంది, ఉదాహరణకి 5.5 శాతం. ఆ రేటుతో ఏడాది వడ్డీ ఎంతవుతుందో చూసి, అద్దె దానికి 125 శాతం ఉండాలంటుంది. మీరు 40 శాతం పన్ను కట్టేవాళ్ళైతే చాలా బ్యాంకులు 145 శాతం అడుగుతాయి. లక్షా 50 వేల లోన్‌కి 5.5 శాతం చొప్పున ఏడాదికి 8,250 పౌండ్లు. 125 శాతం లెక్కన నెలకి సుమారు 860 పౌండ్ల అద్దె రావాలి. 145 శాతం లెక్కన దాదాపు 1,000 రావాలి.

ఆ ఇంటికి నెలకి 900 వస్తుందనుకుందాం. 20 శాతం పన్ను కట్టే నర్సుకి లోన్ మొత్తం వస్తుంది. అదే ఇంటికి, అదే అద్దెకి, 40 శాతం పన్ను కట్టే ఐటీ ఉద్యోగికి సుమారు లక్షా 35 వేలే వస్తుంది. అంటే ఆయన డిపాజిట్ 50 వేలు కాదు, 65 వేలు. జీతం ఎక్కువున్నవాడికే లోన్ తక్కువ!

ఇంకో మాట. అద్దె ఎంతన్నది మీరో ఏజెంటో చెబితే సరిపోదు. బ్యాంకు పంపే వాల్యూయర్ (ఇంటి విలువ కట్టే మనిషి) రాసిన అంకెనే తీసుకుంటారు.

స్టాంప్ డ్యూటీ మొదటి ఇంటికి ఉండదు కదా?

ఆ మినహాయింపు మీరు అందులో కాపురం ఉండేటట్టయితేనే. అద్దెకివ్వడానికి కొంటే మొదటి ఇల్లైనా వర్తించదు. 2025 ఏప్రిల్ 1 నుంచి మామూలు రేటు ఇలా: మొదటి లక్షా 25 వేలకి సున్నా, అక్కడి నుంచి రెండున్నర లక్షల వరకు 2 శాతం, ఆపైన 9 లక్షల 25 వేల వరకు 5 శాతం. 2 లక్షల ఇంటికి 1,500 పౌండ్లు. అదనపు ఇంటికి వేసే 5 శాతం సర్‌ఛార్జి మాత్రం, మీకు ప్రపంచంలో ఎక్కడా వేరే ఇల్లు లేకపోతే, పడదు. కంప్లీషన్, అంటే ఇల్లు మీ చేతికొచ్చిన రోజు, అయిన 14 రోజుల్లోపు కట్టాలి. సాధారణంగా సొలిసిటరే ముందుగా తీసుకుని కడతారు.

హైదరాబాద్‌లో నా పేరు మీద ఫ్లాట్ ఉంది. అది ఇక్కడ లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. "అది ఇండియాలో కదా" అనుకునే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆ ఫ్లాట్‌లో మీ వాటా విలువ 40 వేల పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువైతే ఇక్కడ కొనేది అదనపు ఇల్లే. మొత్తం ధర మీద 5 శాతం సర్‌ఛార్జి. 2 లక్షల ఇంటికి 1,500 కట్టాల్సింది 11,500 అవుతుంది. పౌండుకి 110 రూపాయలు వేసుకున్నా 40 వేలంటే 44 లక్షలు, హైదరాబాద్‌లో ఈ రోజుల్లో ఏ ఫ్లాటైనా దాదాపు అది దాటేసినట్టే. భార్యాభర్తలు కలిసి ఉంటే ఇద్దర్నీ ఒకటిగానే చూస్తారు. ఫ్లాట్ ఆవిడ పేరు మీద ఉంది, ఇక్కడ ఆయన ఒక్కడి పేరు మీద కొంటున్నారు, అయినా సర్‌ఛార్జి తప్పదు.

ఖాళీ ప్లాటు, పొలం ఈ లెక్కలోకి రావు, ఇల్లు కాదు కాబట్టి. ఊళ్ళో తాతగారి పెంకుటింట్లో మీకు వాటా వచ్చి ఉంటే దాన్ని సొలిసిటర్‌కి ముందే చెప్పండి. వారసత్వంగా వచ్చిన వాటాకి వేరే నిబంధనలున్నాయి. పైగా ఎప్పుడైనా, ఎక్కడైనా ఇంట్లో వాటా వచ్చి ఉంటే "మొదటిసారి కొనేవాళ్ళు" అన్న హోదా అప్పుడే పోయినట్టు.

ముందు బై-టు-లెట్ కొని, నాలుగేళ్ళ తర్వాత సొంతిల్లు కొంటే నష్టమేంటి?

అసలు ఖర్చు ఇక్కడుంది. కానీ డిపాజిట్ పోగేసే హడావుడిలో ఎవరూ దీన్ని కాగితం మీద వేసి చూడరు.

నాలుగేళ్ళ తర్వాత 4 లక్షల పౌండ్ల సొంతిల్లు కొంటున్నారనుకోండి. ఇప్పుడున్న రేట్ల ప్రకారం, అంతకుముందు ఏ ఇల్లూ కొనని మనిషికి స్టాంప్ డ్యూటీ 5,000. 3 లక్షల దాకా సున్నా, మిగతా లక్షకి 5 శాతం. అద్దె ఇంటిని అట్టిపెట్టుకుని కొనే మనిషికి మామూలు డ్యూటీ 10,000, దాని మీద 5 శాతం సర్‌ఛార్జి 20,000, మొత్తం 30,000. తేడా 25 వేల పౌండ్లు. అద్దె ఇల్లు అమ్మేసి కొంటే సర్‌ఛార్జి ఉండదు గానీ, మొదటి ఇంటి మినహాయింపు కూడా ఉండదు, 10,000 కట్టాలి.

కాబట్టి రెండు మూడేళ్ళలో సొంతిల్లు కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళు ముందు బై-టు-లెట్‌కి వెళ్ళడం నా దృష్టిలో ఖరీదైన తొందరపాటు. ఉద్యోగరీత్యా ఊళ్ళు మారుతూ, సొంతిల్లు పదేళ్ళ దాకా వద్దనుకున్నవాళ్ళ సంగతి వేరు.

తక్కువ డిపాజిట్‌తో సొంతిల్లుగా కొని, తర్వాత అద్దెకిస్తే పోలా?

నిజంగా కాపురం ఉండి, తర్వాత పరిస్థితి మారి అద్దెకిస్తే తప్పులేదు. బ్యాంకుని అడిగి అనుమతి తీసుకోవాలి. దాన్ని కన్సెంట్ టు లెట్ అంటారు. కొంత ఫీజో, కొంచెం ఎక్కువ వడ్డీనో వేస్తారు. లేదా బై-టు-లెట్ మార్ట్‌గేజ్‌కి (ఇంటి లోన్‌కి) మారమంటారు. చాలామందికి ఇదే మెరుగైన దారి. 10 శాతం డిపాజిట్, మొదటి ఇంటి స్టాంప్ డ్యూటీ మినహాయింపు రెండూ దక్కుతాయి.

కొన్న రోజే అద్దెకిచ్చే ఉద్దేశం పెట్టుకుని "నేనుంటాను" అని సంతకం పెట్టడం మాత్రం మోసం కిందే లెక్క. బ్యాంకు లోన్ మొత్తం ఒకేసారి కట్టమనొచ్చు. స్టాంప్ డ్యూటీ మినహాయింపు తప్పుగా తీసుకున్నందుకు యూకే పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ వెనక్కి అడగొచ్చు.

## డిపాజిట్ ఎక్కడి నుంచి

లైఫ్‌టైమ్ ఐసాలో 16 వేలు దాచాను. బై-టు-లెట్‌కి వాడొచ్చా?

వాడకూడదు. అది ప్రభుత్వం బోనస్ కలిపే పొదుపు ఖాతా, మీరు ఉండబోయే మొదటి ఇంటికి, అదీ నాలుగున్నర లక్షల లోపు ధరకి మాత్రమే. వేరే పనికి తీస్తే మొత్తం మీద 25 శాతం కోత. ప్రభుత్వం ఇచ్చింది 25 శాతమేగా, అదే పోతుందిలే అనుకుంటారు. కాదు. మీరు వేసిన 4,000కి బోనస్ 1,000 కలిసి 5,000 అయింది. అందులో 25 శాతం అంటే 1,250. చేతికొచ్చేది 3,750. మీ సొంత డబ్బులోనే 250 పోయింది. బై-టు-లెట్ కొన్నాక ఆ ఐసాని ఇంటికి వాడే అవకాశం కూడా పోతుంది. 60 ఏళ్ళు వచ్చేదాకా అలాగే ఉంచుకోవాలి. మామూలు క్యాష్ ఐసా, స్టాక్స్ ఐసాలకి ఈ గొడవ లేదు.

పర్సనల్ లోన్ తీసుకుని డిపాజిట్‌గా చూపించొచ్చా?

దాదాపు ఏ బ్యాంకూ ఒప్పుకోదు. క్రెడిట్ కార్డు డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. చెప్పకుండా దాచినా, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ క్రెడిట్ రిపోర్టుల్లో లోన్ కనిపిస్తుంది. అకౌంట్లోకి ఒకేసారి 15 వేలు వచ్చిన రోజు స్టేట్‌మెంట్లో కనిపిస్తుంది. అడిగినప్పుడు అబద్ధం రాస్తే అది అప్లికేషన్ తిరస్కరణతో ఆగదు. మోసాల రికార్డుల్లో పేరెక్కితే బ్యాంకు అకౌంట్ తెరవడమే కష్టమవుతుంది.

రూల్స్ పక్కన పెట్టినా లెక్క కుదరదు. డిపాజిట్‌కి ఒక ఈఎంఐ, ఇంటికి ఒక వడ్డీ. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే రెండూ జీతంలోంచే కట్టాలి.

చీటీ పాడిన డబ్బు డిపాజిట్‌కి పనికొస్తుందా?

ఇక్కడ ఫ్రెండ్స్ మధ్య నడిచే చీటీల గురించి చాలామంది అడుగుతారు. బ్యాంకు కళ్ళతో చూడండి: ఇరవై మంది దగ్గర్నుంచి వారం రోజుల్లో తలా 500 మీ అకౌంట్లో పడ్డాయి. ఎవరు వీళ్ళు? ఎందుకిచ్చారు? కాగితం ఏది? మీ దగ్గర జవాబు ఉంటుంది గానీ రుజువు ఉండదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. చీటీ ముందే పాడేస్తే మిగిలిన నెలలు కడుతూ ఉండాలి కదా, అది అప్పే. ఆఖరి నెలల్లో ఎత్తితే అది మీ పొదుపే. చీటీ డబ్బే ఆధారమైతే చివర్లో ఎత్తండి, ప్రతి నెలా కట్టింది బ్యాంకు ద్వారానే కట్టండి, డబ్బొచ్చాక కొన్ని నెలలు అకౌంట్లో ఉంచండి, బ్రోకర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడు కూడా కొన్ని బ్యాంకులు వద్దంటాయి.

ఫ్రెండ్ 10 వేలు సర్దుతానన్నాడు. గిఫ్ట్ అని రాయిస్తే సరిపోదా?

తిరిగివ్వాల్సిన డబ్బు గిఫ్ట్ కాదు. గిఫ్ట్ లెటర్లో "ఇది తిరిగి ఇవ్వనక్కర్లేదు, ఈ ఇంట్లో నాకు వాటా ఉండదు" అని ఇచ్చేవాళ్ళు సంతకం పెడతారు. రేపు మీ ఇద్దరికీ చెడితే, తన డబ్బు అడగటానికి మీ ఫ్రెండ్ దగ్గర తనకే వ్యతిరేకంగా రాసిచ్చిన కాగితం ఉంటుంది. అదీకాక చాలా బ్యాంకులు అమ్మానాన్నలు, తోబుట్టువులు, తాతయ్య నానమ్మల దగ్గర్నుంచి వచ్చిన గిఫ్టునే ఒప్పుకుంటాయి.

ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి చెరి సగం వేసుకుని కొనొచ్చా?

కొనొచ్చు. డిపాజిట్ సులువవుతుంది. కానీ లోన్ మొత్తానికి ఇద్దరూ పూర్తిగా బాధ్యులే, ఒకరు కట్టకపోతే రెండోవాళ్ళు అంతా కట్టాలి. ఇద్దరిలో ఒకరికి వేరే ఇల్లుంటే మొత్తం ధర మీద 5 శాతం సర్‌ఛార్జి పడుతుంది. మొదటిసారి కొనేవాళ్ళ హోదా ఇద్దరికీ పోతుంది. ఎవరెంత పెట్టారు, ఒకరికి పెళ్ళై బయటికి వెళ్ళాలంటే ఎలా అన్నది డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్‌లో రాయించుకోండి. సొలిసిటర్‌కి కొన్ని వందల పౌండ్ల పని, స్నేహం మిగలాలంటే తప్పని ఖర్చు.

"సొంత డబ్బు లేకుండా ప్రాపర్టీ" అనే సెమినార్లలో చెప్పేవి నిజమేనా?

వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికే ఇళ్ళున్నవాళ్ళు, విలువ పెరిగిన ఇంటి మీద మళ్ళీ లోన్ తీసి వేసే ఎత్తులు. మొదటి ఇల్లే లేని మనిషికి తీయడానికి ఏమీ లేదు. మిగిలినవి ఎక్కువ వడ్డీకి కొద్దికాలానికిచ్చే బ్రిడ్జింగ్ లోన్లు, ప్రైవేటు అప్పులు. కోర్సు ఫీజు కట్టే వేల పౌండ్లని డిపాజిట్లో కలుపుకోండి.

## ఇండియా నుంచి వచ్చే డబ్బు

నాన్న డబ్బు పంపిస్తానంటున్నారు. ఎంత పంపొచ్చు, పన్ను పడుతుందా?

ఇండియాలో నివసించే ఒక్కొక్కరు ఆర్‌బీఐ లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. ఆ ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి. అమ్మ వేరు, నాన్న వేరు. పిల్లలకిచ్చే గిఫ్ట్ మీద ఇండియాలో ఆదాయపన్ను లేదు. ఇక్కడ అందుకున్నందుకు మీకూ ఆదాయపన్ను లేదు.

అయితే ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (పన్ను కింద ముందే పట్టుకునే డబ్బు) వసూలు చేస్తుంది. నాన్న ఒక్కరే 30 లక్షలు పంపితే 20 లక్షల మీద 4 లక్షలు. అమ్మకి సొంత డబ్బుండి చెరో 15 లక్షలు పంపితే మొత్తం 2 లక్షలు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు వాళ్ళ పన్నులో సర్దుకుంటుంది, మిగిలింది తిరిగొస్తుంది. కానీ అప్పటిదాకా ఆ 4 లక్షలు వాళ్ళు పైన సర్దుకోవాలి. రిటైరైన నాన్నగారికి ఇది ముందే చెప్పండి, బ్యాంకు కౌంటర్ దగ్గర తెలిస్తే టెన్షన్ పడతారు. పంపే కారణం గిఫ్ట్ అనే రాయాలి. ఇక్కడ మీరిచ్చే గిఫ్ట్ లెటర్‌తో అది కలవాలి.

ఊళ్ళో పొలం అమ్మి ఆ డబ్బు తెస్తే సొలిసిటర్‌కి ఏం చూపించాలి?

గొలుసు మొత్తం చూపించాలి. పొలం ఎవరిది, ఎవరికి అమ్మారు, డబ్బు ఏ అకౌంట్లో పడింది, అక్కడి నుంచి ఎలా వచ్చింది. కావాల్సినవి: పాత దస్తావేజు లేదా పాస్‌బుక్, అమ్మిన సేల్ డీడ్, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్, ఆయన గుర్తింపు పత్రాలు, ఫారెక్స్ స్లిప్, మీ యూకే అకౌంట్ స్టేట్‌మెంట్. మన దస్తావేజులు తెలుగులో ఉంటాయి కాబట్టి సర్టిఫైడ్ ఇంగ్లిష్ అనువాదం అడుగుతారు. దానికి సమయం పడుతుంది, ముందే చేయించుకోండి.

అసలు చిక్కు ఇదీ. 70 లక్షలకి అమ్మారు, రిజిస్ట్రేషన్ 30 లక్షలకి చేశారు, మిగతా 40 నగదు. మనకి అది మామూలు విషయం. ఇక్కడి సొలిసిటర్‌కి కనిపించేది 30 లక్షల డీడ్ మాత్రమే. మిగిలిన 40 లక్షలు ఏ రూపంలో వచ్చినా ఆధారం లేని డబ్బే. అనుమానం వస్తే సొలిసిటర్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి రిపోర్టు చేయాలి, చేసినట్టు మీకు చెప్పకూడదు కూడా. ఫైలు ఎందుకు కదలట్లేదో మీకు అర్థం కాదు. వైట్‌లో వచ్చినంతే మీ డిపాజిట్ అనుకోండి.

పొలం నా పేరు మీదే ఉంది. నేనే అమ్మితే?

డబ్బు మీ ఎన్‌ఆర్‌ఓ అకౌంట్లో (ఎన్నారైలకి ఇండియాలో ఉండే రూపాయల ఖాతా) పడాలి. అక్కడి నుంచి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు. అమ్మేది ప్లాటో ఇల్లో అయి, మీరు ఎన్నారై అయితే కొనేవాళ్ళు టీడీఎస్ కోసి ఇస్తారు. ముందుగా తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కోస్తారు. గ్రామీణ వ్యవసాయ భూమికి అక్కడ పన్ను లేకపోవచ్చు, కానీ యూకే రెసిడెంట్‌గా ఆ లాభం ఇక్కడ చూపించాలి. 2025 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి: అంతకుముందు పదేళ్ళు యూకే రెసిడెంట్ కాకుండా ఉండి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి నాలుగేళ్ళు విదేశీ ఆదాయం, లాభాల మీద మినహాయింపు కోరవచ్చు. అది కోరిన ఏడాది పర్సనల్ అలవెన్స్ వదులుకోవాలి. అమ్మేముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంట్‌ని కలవండి.

హవాలాలో తెప్పిస్తే రేటు బాగుంటుందట?

వద్దు. ఎవరో తెలియని మనిషి అకౌంట్ నుంచి పౌండ్లు వస్తాయి. ఆ మనిషి డబ్బు ఎక్కడిదో మీరు చెప్పలేరు. మార్ట్‌గేజ్ పోవడం ఇందులో చిన్న నష్టం.

## అప్లికేషన్, సొలిసిటర్

ఇల్లు లేనివాళ్ళకి బై-టు-లెట్ ఇవ్వరని బ్యాంకు చెప్పింది. నిజమేనా?

ఆ బ్యాంకు ఇవ్వదు, అంతే. చాలా పెద్ద బ్యాంకులకి ముందే సొంతిల్లు ఉండాలన్న నియమం ఉంది. కొన్ని బిల్డింగ్ సొసైటీలు, స్పెషలిస్ట్ లెండర్లు ఇస్తాయి. వాళ్ళ భయం ఒకటే: అద్దెకని చెప్పి మీరే కాపురం పెడతారేమోనని. అందుకే అద్దె లెక్కతో పాటు మీ జీతంతో ఆ లోన్ మోయగలరా అని కూడా చూస్తారు. మీరు అద్దెకుండే ఇంటికి పక్క వీధిలో కొంటే అనుమానం పెరుగుతుంది. వేరే ఊళ్ళో, మీ కుటుంబానికి సరిపోనంత చిన్న ఇల్లైతే తగ్గుతుంది. ఈ రకం కేసులకి నేరుగా బ్యాంకుల చుట్టూ తిరగకండి. మార్కెట్ మొత్తం చూసే బ్రోకర్‌ని పట్టుకోండి. ప్రతి తిరస్కరణ ముందూ బ్యాంకు చేసే క్రెడిట్ తనిఖీ (హార్డ్ సెర్చ్) మీ రిపోర్టులో మిగిలిపోతుంది.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చేదాకా ఆగాలా?

నివాస మార్ట్‌గేజ్ వీసా మీద ఇచ్చే బ్యాంకులు చాలా ఉన్నాయి. బై-టు-లెట్‌కి వచ్చేసరికి ఆ జాబితా బాగా చిక్కిపోతుంది. మొదటిసారి కొనేవాళ్ళు, పైగా వీసా అంటే ఇంకా. యూకేలో ఎన్నేళ్ళున్నారు, వీసా ఎంత మిగిలింది, డిపాజిట్ ఎంత అన్నవి చూస్తారు. ఐఎల్‌ఆర్‌కి ఏడాది లోపే ఉంటే ఆగడమే మేలు, వడ్డీ తేడాలోనే ఆ ఓపికకి ఫలితం కనిపిస్తుంది.

ఈలోపు ఒక పని చేయండి. భారతీయులం కామన్వెల్త్ పౌరులం కాబట్టి ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. చాలామందికి తెలియదు. ఎలక్టోరల్ రోల్లో పేరుంటే క్రెడిట్ రిపోర్టులో అడ్రస్ రూఢి అవుతుంది.

సొలిసిటర్ 10 శాతం డిపాజిట్ అడుగుతున్నాడు. 25 శాతం అన్నారు కదా?

రెండూ వేరు. ఎక్స్చేంజ్ రోజు, అంటే ఒప్పందం ఖాయమయ్యే రోజు, అమ్మేవాళ్ళకి భరోసాగా సాధారణంగా 10 శాతం కట్టాలి. 2 లక్షల ఇంటికి 20 వేలు. మీ 50 వేలలోంచే అది వెళుతుంది, మిగతా 30 వేలు కంప్లీషన్ రోజుకి. ఎక్స్చేంజ్ తర్వాత వెనక్కి తగ్గితే ఆ 20 వేలు పోయినట్టే. ఇండియా డబ్బు "వచ్చేవారం వస్తుంది" అన్న నమ్మకంతో ఎక్స్చేంజ్ చేయకండి. మొత్తం మీ యూకే అకౌంట్లో కనిపించాకే సంతకం.

లిమిటెడ్ కంపెనీ పెట్టి కొంటే మొదటి ఇంటి హోదా మిగులుతుందట?

అవును. ఇల్లు కంపెనీది, మీది కాదు కాబట్టి తర్వాత మీరుండే ఇంటికి ఆ స్టాంప్ డ్యూటీ మినహాయింపు మిగులుతుంది. లోన్ వడ్డీ మొత్తం ఖర్చు కింద పోతుంది. మీ డిపాజిట్‌ని కంపెనీకి డైరెక్టర్ లోన్‌గా ఇచ్చి, తర్వాత పన్ను లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఇంతవరకు అందరూ చెబుతారు.

చెప్పనిది: కంపెనీకి మొదటి ఇల్లైనా 5 శాతం సర్‌ఛార్జి తప్పదు. 2 లక్షల ఇంటికి 11,500, అంటే మీ పేరు మీద కొనేదానికంటే 10 వేలు ఎక్కువ నగదు మొదటి రోజే కావాలి. వడ్డీ, ఫీజులు ఎక్కువ. డైరెక్టర్‌గా మీరు వ్యక్తిగత హామీ ఇవ్వాలి. ఏటా అకౌంట్స్ ఖర్చు. ఒక్క చిన్న ఇంటికి ఇదంతా అవసరమా అని 20 శాతం పన్ను కట్టేవాళ్ళు రెండుసార్లు ఆలోచించాలి. 40 శాతం వాళ్ళకి, ఇంకా ఇళ్ళు కొనే ఉద్దేశం ఉంటే, లెక్క వేసి చూడదగ్గదే.

స్కాట్లండ్, వేల్స్‌లో కూడా ఇవే రేట్లా?

కాదు. రెండుచోట్లా పన్ను పేరు, రేట్లు వేరు. స్కాట్లండ్‌లో అదనపు ఇంటి సర్‌ఛార్జి 2024 డిసెంబర్ నుంచి 8 శాతం. వేల్స్‌లో మొదటిసారి కొనేవాళ్ళకి ప్రత్యేక మినహాయింపే లేదు.

నేను దుబాయ్‌లో ఉంటాను. యూకేలో కొనొచ్చా?

కొనొచ్చు. కొనడానికి ముందు 12 నెలల్లో 183 రోజులైనా యూకేలో లేకపోతే స్టాంప్ డ్యూటీకి ఇంకో 2 శాతం కలుస్తుంది. లోన్ ఇచ్చేవాళ్ళు తక్కువ, డిపాజిట్ ఎక్కువే అడుగుతారు.

## తాళాలు చేతికొచ్చాక

అద్దె 900 వస్తుంది, వడ్డీ 560. నెలకి 340 మిగులుతుంది కదా?

పన్ను కట్టకముందు మాట అది. 2020 ఏప్రిల్ నుంచి వ్యక్తిగతంగా కొన్నవాళ్ళకి మార్ట్‌గేజ్ వడ్డీ ఖర్చు కింద పోదు. దాని మీద 20 శాతం మాత్రమే పన్నులో తగ్గిస్తారు.

40 శాతం పన్ను కట్టే మనిషి లెక్క చూడండి. ఏడాది అద్దె 10,800. ఇన్సూరెన్స్, రిపేర్లు, ఏజెంటు ఖర్చులు 1,500. లోన్ లక్షా 35 వేలు, 5 శాతం వడ్డీ అంటే 6,750. చేతిలో మిగిలేది 2,550. పన్ను మాత్రం 9,300 మీద పడుతుంది: 3,720. వడ్డీలో 20 శాతం, 1,350, తీసేస్తే కట్టాల్సింది 2,370. ఏడాది మొత్తానికి మిగిలింది 180 పౌండ్లు. 65 వేలు పెట్టుబడికి. బాయిలర్ ఒక్కసారి మొరాయిస్తే అదీ లేదు.

2027 ఏప్రిల్ నుంచి అద్దె ఆదాయానికి రేట్లు 22, 42, 47 శాతం అవుతున్నాయి, వడ్డీ మీద తగ్గింపు కూడా 22 శాతం అవుతుంది. పైన చెప్పిన మనిషికి 180 కాస్తా 130 దగ్గరికి దిగుతుంది. ఇంటి ధర పెరుగుతుందన్న నమ్మకం మీదే కొంటున్నామని ఒప్పుకుని కొనడం వేరు, నెలనెలా ఆదాయం అనుకుని కొనడం వేరు.

డిపాజిట్ కట్టాక ఎంత చేతిలో ఉంచుకోవాలి?

కనీసం ఆరు నెలల వడ్డీ, దాని మీద ఒక బాయిలర్ ఖరీదు. గ్యాస్ సేఫ్టీ తనిఖీ ఏటా, కరెంటు తనిఖీ ఐదేళ్ళకోసారి, ఈపీసీ (ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్) కనీసం ఇ గ్రేడ్. ఇవి తప్పనిసరి. పాత టెర్రస్ ఇల్లు (వరసగా అతుక్కుని ఉండే ఇళ్ళలో ఒకటి) చవగ్గా వస్తుందంటే ముందు ఈపీసీ చూడండి.

అద్దె సరిగ్గా రాకపోతే ఖాళీ చేయించి నేనే ఉండొచ్చా?

బై-టు-లెట్ మార్ట్‌గేజ్ మీద మీరు ఉండకూడదు, ముందు లోన్ మార్చుకోవాలి. ఖాళీ చేయించడం కూడా ఇదివరకటిలా లేదు. రెంటర్స్ రైట్స్ చట్టం వల్ల 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా పంపే సెక్షన్ 21 నోటీసు పోయింది. చట్టంలో ఉన్న కారణాల్లో ఒకటి చూపించాలి, ఒప్పుకోకపోతే కోర్టుకి వెళ్ళాలి. అన్ని నెలలూ వడ్డీ కట్టగలిగితేనే దిగండి.

మన స్టూడెంట్స్‌కి రూముల చొప్పున ఇస్తే అద్దె ఎక్కువొస్తుంది కదా? ఆరు నెలలది ముందే తీసుకుంటే డిపాజిట్ అప్పు కూడా తీరుతుంది.

లెస్టర్‌లో, కోవెంట్రీలో, హాట్‌ఫీల్డ్‌లో ఈ ఆలోచన బాగా వినిపిస్తుంది. ఒక కుటుంబం కాని ముగ్గురు ఒకే ఇంట్లో వంటగది పంచుకుని ఉంటే అది హెచ్‌ఎంఓ. మామూలు బై-టు-లెట్ లోన్ దానికి పనికిరాదు. హెచ్‌ఎంఓ లోన్ మొదటిసారి కొనేవాళ్ళకి దొరకడం ఇంకా కష్టం. ఐదుగురైతే కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి, చాలా కౌన్సిళ్ళు ముగ్గురు నలుగురికి కూడా అడుగుతాయి. లైసెన్సు లేకుండా నడిపితే అద్దెకున్నవాళ్ళు కట్టిన అద్దె వెనక్కి ఇప్పించమని ట్రైబ్యునల్‌కి వెళ్ళొచ్చు.

ముందస్తు అద్దె సంగతి కూడా మారింది. 2026 మే 1 నుంచి ఒక నెలకి మించి ముందుగా తీసుకోకూడదు. వాళ్ళిచ్చే సెక్యూరిటీ డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, అది 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. మీ అకౌంట్లో ఉంచుకుని వాడుకునే డబ్బు కాదు. వాళ్ళ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే షేర్ కోడ్ తీసుకుని, ఇక్కడ అద్దెకుండే అర్హత ఉందో లేదో చూసే రైట్ టు రెంట్ చెక్ చేసి, ఆ కాపీ దాచుకోండి. మనవాడే, వాళ్ళ నాన్న మా ఊరివాడే అని వదిలేస్తే జరిమానా పడేది మీకే.